ఇంటిపట్టున వేసవి - ఇంటిల్లిపాదికీ ఒక బొంత

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసేస్తారు. మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఇంచుమించు ఏడు వారాలు పిల్లలు ఇంటిపట్టునే ఉంటారు. పట్నాలలో ఉన్నవారు ఊటీకో కొడైకెనాలుకో వెళ్తారు. మన పల్లెల్లో చాలా కుటుంబాలకు ఆ వీలు లేదు. పాడి గేదెలను ఎవరికి అప్పగించి వెళ్తాం? ముసలివారిని ఎవరు చూస్తారు? వీటన్నిటికీ మించి చేతిలో డబ్బు ఉండాలి కదా! మంచమున్నంతవరకే కాళ్లు చాచుకోవాలని పెద్దలు ఊరకనే అనలేదు. అప్పు చేసి నాలుగు రోజులు తిరిగి వస్తే, ఆ అప్పు నాలుగు నెలలు మన వెంట తిరుగుతుంది.

అయితే ఇంట్లో ఉన్నంత మాత్రాన వేసవి మంచిగా గడుస్తుందని చెప్పలేం. పదకొండు గంటలు దాటితే ఎండకు బయట అడుగు పెట్టలేం. పిల్లలు ఒక మూల సెల్‌ఫోను పట్టుకుని కూర్చుంటారు. పెద్దవారు ఇంకో మూల విసనకర్ర పట్టుకుని కూర్చుంటారు. ఒకే కప్పు కింద ఉంటూ ఒకరి మాట ఒకరికి తెలియకుండా రోజులు వెళ్లిపోతాయి. ఈ ఏడాది అలా జరగకుండా, ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని ఒకటి పెట్టుకుందామని మేము కోరుతున్నాము. ఆ పని పేరు బొంత కుట్టడం.

బొంత అంటే నామోషీ ఎందుకు?

ఈ మాట వినగానే కొందరు నవ్వుతారు. "ఇప్పుడెవరండీ బొంతలు కప్పుకునేది? సంతలో మెత్తటి రగ్గులు వస్తున్నాయిగా" అంటారు. నిజమే. మన చిన్ననాడు బొంత లేని ఇల్లు లేదు. తర్వాత రంగురంగుల పాలిస్టరు రగ్గులు వచ్చాయి. బొంత పేదరికానికి గుర్తు అయిపోయింది. చుట్టాలు వస్తున్నారంటే బొంతను మడిచి మంచం కిందికి తోసేస్తున్నాము.

కాని ఒక్క మాట ఆలోచించండి. పాలిస్టరు రగ్గు చెమట పీల్చదు. వేసవి రాత్రి దాని మీద పడుకుంటే ఒళ్లు చిటపటలాడుతుంది. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. పాత నూలు చీరలతో కుట్టిన బొంత అలా కాదు. ఉతికిన కొద్దీ మెత్తనవుతుంది, చెమట పీలుస్తుంది. చలికాలంలో కప్పుకోవచ్చు, ఎండాకాలంలో నులక మంచం మీద పరుచుకోవచ్చు. చిరిగిన చోట ఒక మాసిక వేస్తే ఇంకో నాలుగేళ్లు వస్తుంది.

మరొక సంగతి. బొంత కుట్టడం చక్కగా తెలిసినవారు మన ఊళ్లలో ఇప్పుడు ఎవరు? డెబ్బయి, ఎనభై ఏళ్ల అవ్వలే. వారి కోడళ్లకు సగం తెలుసు. మనవరాళ్లకు అసలు తెలియదు. ఇది పుస్తకంలో రాసి ఉన్న విద్య కాదు. పక్కన కూర్చుని చేతిని చూసి నేర్చుకోవలసిందే. ఆ చేతులు ఇంకా కదులుతున్నప్పుడే నేర్చుకోకపోతే తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు. ఈ వేసవి మనకు విలువైనదని మేము అనేది ఇందుకే.

మనం ఒంటరివారం కాము

పాత బట్టలను పొరలు పొరలుగా పేర్చి కుట్టడం మన తెలుగువారి ఇళ్లలోనే ఉన్నదని అనుకోకండి. బెంగాలులో దీనిని కాంథా అంటారు. అక్కడి స్త్రీలు పాత చీరల అంచుల నుంచే రంగుదారాలు లాగి, వాటితోనే కాంథా మీద పూలు, చేపలు, రథాలు కుట్టేవారు. బీహారులో సుజని అంటారు. మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది అంటారు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉన్నారు. వారి పూర్వికులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. సిద్దీ స్త్రీలు కుట్టే బొంతను కవంద్ అంటారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ, గుడ్డ ముక్కలు అతుకుతూ మధ్యకు చేరుకుంటారు. చివరికి మూలల్లో గుడ్డను మడిచి పువ్వులాగా పెడతారు. దానిని ఫూల అంటారు. ఆ పువ్వు పెట్టనిదే బొంత పూర్తి అయినట్టు కాదు. ఎంత పేద ఇంటి బొంత అయినా దానికి పువ్వు ఉండవలసిందే!

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. ఒకనాడు బానిసలుగా పత్తి చేలలో పనిచేసినవారి సంతతి అక్కడ నివసిస్తున్నారు. చలికి కప్పుకోవడానికి వేరే ఆధారం లేక, ఆ తల్లులు పొలానికి తొడుక్కుని అరిగిపోయిన చొక్కాలు, ప్యాంట్లు కత్తిరించి బొంతలు కుట్టేవారు. మిస్సోరీ పెట్‌వే అనే ఆమె 1942లో భర్త చనిపోయాక, అతడు పొలంలో వేసుకున్న బట్టలన్నీ తీసి, తన కూతురి సాయంతో ఒక బొంత కుట్టింది. అతని జ్ఞాపకాన్ని కప్పుకుని పడుకోవాలని ఆమె కోరిక. 2002లో గీస్ బెండ్ బొంతలను హూస్టను, న్యూయార్కు నగరాలలోని పెద్ద మ్యూజియములలో ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు విడుదల చేసింది. మంచం కింద దాచవలసిన వస్తువులా ఇవి?

ముందు లెక్క, తర్వాత కత్తెర

ఏ పనికైనా ముందు లెక్క ఉండాలి. ఈ లెక్క పిల్లల చేత వేయించండి. సెలవుల్లో గణితం మరిచిపోకుండా ఉంటారు.

మామూలు చీర పొడవు ఆరు గజాలు, అంటే 18 అడుగులు, మన కొలతలో 12 మూరలు. వెడల్పు సుమారు 45 అంగుళాలు, అంటే రెండున్నర మూరలు. ఆ చీరను పొడవున మూడు మడతలు వేస్తే ఒక్కొక్క మడత 6 అడుగులు వస్తుంది. అంటే ఒక చీరతో ఒక మనిషి పడుకునే బొంతకు మూడు పొరలు వచ్చినట్టు. రెండు చీరలైతే ఆరు పొరలు. చలికాలానికి ఆరు పొరలు కావాలి, ఎండాకాలపు పరుపుకు మూడు నాలుగు చాలు.

ఇద్దరు పడుకునే బొంతకు రెండు వెడల్పులు జత చేయాలి. అప్పుడు 6 అడుగులు, ఏడున్నర అడుగుల కొలత వస్తుంది. ఆరు పొరలకు నాలుగు చీరలు పడతాయి. అయితే ఇంత పెద్దది తడిస్తే బాగా బరువెక్కుతుంది. మొదటిసారి కుట్టేవారు ఒంటి మనిషి బొంతతోనే ఆరంభించండి.

పసిబిడ్డ బొంతకు ఒక్క చీర చాలు. 3 అడుగులకు ఒక ముక్క చొప్పున కత్తిరిస్తే ఆరు ముక్కలు వస్తాయి. అవే ఆరు పొరలు. బాగా అరిగి మెత్తబడిన నూలు చీర దీనికి శ్రేష్ఠం. ఒక జాగ్రత్త చెప్పాలి. దీనిని బిడ్డ కింద పరచండి. ముఖం మీదికి జరిగేలా బరువైన బొంత పసిబిడ్డకు కప్పకూడదు.

పై పొరను ముక్కలతో అతకాలనుకుంటే ఇంకొక లెక్క ఉంది. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు గల బొంతకు 6 అంగుళాల చదరాలు అడ్డంగా 8, నిలువుగా 12 పడతాయి. మొత్తం 96. కుట్టులోకి నాలుగు వైపులా పావు అంగుళం పోతుంది కనుక ఒక్కొక్కటి ఆరున్నర అంగుళాలు కత్తిరించాలి. పాత పెళ్లి శుభలేఖ అట్టను ఆ కొలతకు కత్తిరించి ఇస్తే, పిల్లలు సుద్దముక్కతో గీసుకుంటూ పోతారు.

ఏడు వారాల ఏర్పాటు

మొదటి వారం. ట్రంకుపెట్టె, అటక, దండెం అన్నీ వెతికి పాత నూలు బట్టలు పోగు చేయండి. చీరలు, పంచెలు, లుంగీలు, దుప్పట్లు, చిన్నబడిన గౌన్లు, ఏవైనా సరే. పట్టు, పాలిస్టరు పక్కన పెట్టండి. అవి నూలుతో కలవవు, జారిపోతాయి. ప్రతి గుడ్డనూ రెండు చేతులతో పట్టి లాగి చూడండి. పర్రుమని చిరిగితే అది లోపలి పొరకు, గట్టిగా నిలిస్తే పై పొరకో అడుగు పొరకో వాడండి. రంగు పోతుందేమో తెలియాలంటే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే నీళ్లు తేటగా వచ్చేవరకు విడిగా ఉతకండి. మిగిలినవి వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరవేయండి. గంజి పెట్టవద్దు. గంజి గుడ్డలో సూది సులభంగా దిగదు. మే నెలలో నీటికి కటకట ఏర్పడుతుంది కాబట్టి ఏప్రిల్‌లోనే ఈ ఉతుకు ముగించడం మంచిది.

రెండో వారం. కొలతలు, కత్తిరింపులు. ముక్కలను రంగుల వారీగా పోగులు పెట్టడం చిన్నపిల్లల పని. ఊరిలోని దర్జీని అడిగితే కత్తిరింపు ముక్కలు సంచెడు ఇస్తాడు. వాటిలో నూలువి ఏరుకోండి. ఈ వారంలోనే చేయి కుదరడానికి చిన్న వస్తువులు కుట్టించండి. అవేమిటో కింద చెబుతాము.

మూడో వారం. పై పొర అతకడం. ముందు ముక్కలను నేల మీద పేర్చి, రెండు మూడు విధాలుగా మార్చి చూడండి. ఏది బాగుందో ఇంట్లో అందరూ చెప్పాలి, మగపిల్లలు కూడా. ముదురు రంగు పక్కన లేత రంగు పెడితే అన్నీ కంటికి ఆనతాయి. కుట్టు మిషను ఉన్నవారు వరుసలు మిషను మీద కలుపుకోవచ్చు.

నాలుగు, ఐదు, ఆరు వారాలు. ఇదే అసలు పని. నేల శుభ్రంగా ఊడ్చి, తుడిచి, ఆరాక అడుగు పొర పరవండి. మూలల్లో నాలుగు రాళ్లు పెట్టి ముడత లేకుండా లాగండి. దాని మీద ఒక్కొక్క పొరా పరిచి చేత్తో సాపు చేయండి. చివర పై పొర. తర్వాత మధ్య నుంచి అంచులకు జానెడు జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేయండి. ఇవి తర్వాత విప్పేసేవే. ఇవి లేకపోతే సగం కుట్టేసరికి ఒక పొర ఇటు, ఒక పొర అటు పోతుంది.

ఇప్పుడు లావు సూది, ముతక నూలుదారం తీసుకోండి. దారం చేతి పొడవుకు మించకూడదు, మించితే చిక్కు పడుతుంది. దారానికి మైనం రుద్దితే తెగదు, జారుతూ వస్తుంది. ముడి పొరల మధ్యలోకి పోయేలా దాచండి. అంచు మడిచి చుట్టూ కుట్టుకుని, తర్వాత అంగుళం అంగుళం దూరంలో వరుసలు వేసుకుంటూ పోండి. సూది పైకి, కిందికి, అంతే. అంగుళానికి మూడు కుట్లు పడితే బొంత ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఏడో వారం. టాకాలు విప్పి, ఒకసారి ఉతికి, ఎండబెట్టండి. ఒక మూలన కుట్టినవారి పేర్లు, సంవత్సరం దారంతో రాయించండి. అక్షరాలు కుట్టడం పిల్లలకు చాలా ఇష్టం.

రోజుకు ఎంతసేపు? భోజనాలయ్యాక ఎండ మండిపోయే వేళ గంట లేక గంటన్నర చాలు. వెలుతురు వచ్చే వసారాలో గాని, నీడ బాగా ఉన్న వేపచెట్టు కింద గాని కూర్చోండి. పక్కన మజ్జిగ కడవ పెట్టుకోండి. కుట్టడం మొదలుపెట్టేటప్పుడు ఎన్ని సూదులో లెక్కపెట్టి, లేచేటప్పుడు మళ్లీ లెక్క చూడండి. పాకే బిడ్డలున్న ఇంట్లో ఈ నియమం ఒక్కరోజు కూడా తప్పకూడదు.

చిన్న చేతులకు చిన్న పనులు

పెద్ద బొంత మీద పిల్లలకు రెండు రోజుల్లో విసుగు పుడుతుంది. అందువల్ల సాయంత్రానికల్లా పూర్తయ్యే పనులు కొన్ని సిద్ధంగా పెట్టుకోండి.

వేడి గిన్నెలు దింపుకునే మసిగుడ్డ. 8 అంగుళాల చదరం, ఆరు పొరల నూలు గుడ్డ. ఒక మూలన తగిలించే ఉంగరం కుట్టాలి. ఇందులో పాలిస్టరు ఒక్క పొర కూడా ఉండకూడదు. వేడికి కరిగి చేయి కాలుతుంది.

సంత సంచి. పాత ప్యాంటు గుడ్డ దీనికి బాగుంటుంది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు అనేకం దేశమంతటా నిషేధించారు. అదే ఏడాది చివర నుంచి 120 మైక్రాన్లకన్నా పలుచని ప్లాస్టిక్ సంచులు కూడా కూడదన్నారు. ప్రతి ఇంటా నాలుగు గుడ్డ సంచులుంటే మన చెరువుగట్టు కొంతయినా శుభ్రపడుతుంది.

కూర్చునే పరుపు. ఒక మూర చదరం. వి.బి.ఎస్.కు వెళ్లే పిల్లలు తమ పరుపు తామే చంకన పెట్టుకుని వెళ్తే ఎంత ముచ్చటగా ఉంటుంది!

మంచం పట్టిన పెద్దవారికి చిన్న బొంత. రెండు మూరల చదరం, నాలుగు పొరలు. నడుము కింద వేసి, తడిస్తే వెంటనే మార్చవచ్చు. ఒంటికి తగిలే వైపు ముడులు, లావు అతుకులు లేకుండా చూడాలి. అవి ఒత్తుకుంటే పుండ్లు పడతాయి. ఇలాంటివి నాలుగు ఉంటే ఆ ఇంటి కోడలికి ఎంత సాయమో అనుభవించినవారికే తెలుసు.

మగపిల్లలను తప్పించకండి. మన పట్టణాల్లో దర్జీలలో ఎక్కువమంది మగవారే కదా! తన చొక్కా గుండీ తాను కుట్టుకోగల కుర్రవాడు రేపు హాస్టలులో ఇబ్బంది పడడు.

అవ్వల నోటి మాట

కుట్టు నేర్పేది చేయి అయినా, ఆ గంటను నింపేది నోరు. చేతులు పనిలో ఉన్నప్పుడు పెద్దవారి నోట మామూలుగా రాని మాటలు వస్తాయి. "ఈ ఎర్రంచు చీర మీ తాత నా కాన్పుకు తెచ్చాడు. అప్పుడు వాన పడక రెండేళ్లు పంట లేదు. ఎక్కడ అప్పు చేశాడో ఇప్పటికీ నాకు చెప్పలేదు" అని మా స్త్రీల సమాజంలోని ఒక అవ్వ కుడుతూ కుడుతూ అన్నది. పక్కనే సూదిలో దారం ఎక్కిస్తున్న ఆమె మనవరాలు తలెత్తి చూసింది. ఆ పిల్లకు తాత ఫోటోలోనే తెలుసు. ఆ రోజు తాత ఎలాంటి మనిషో తెలిసింది. మీ పిల్లలకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఏ ముక్క ఎవరిది, ఏ సంవత్సరానిది, దాని వెనుక కథ ఏమిటో రాయించండి. బొంతతోపాటు మీ ఇంటి చరిత్ర కూడా తయారవుతుంది.

తల్లి చనిపోయిన ఇళ్లలో ఆమె చీరలు పెట్టెలో అలాగే ఉండిపోతాయి. కట్టుకోలేము, ఇచ్చివేయలేము, చూడలేము. అక్కచెల్లెళ్ల మధ్య వాటి గురించి మాట రాదు. వస్తే మనస్పర్థ వస్తుంది. ఆ చీరలన్నీ ఒకచోట చేర్చి, ప్రతి చీర నుంచి ఒక్కొక్క ముక్క ప్రతి బిడ్డ బొంతలోకి వచ్చేలా కుట్టిన కుటుంబాన్ని మేము చూశాము. ముగ్గురు కూతుళ్లు, ఒక కోడలు. నాలుగు బొంతలు. పొలం పంపకంలో రెండేళ్లుగా మాట్లాడుకోని ఇద్దరు ఆ నేల మీద ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చింది. మొదటి రోజు "కత్తెర ఇటివ్వు" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. నాలుగో రోజుకు "అక్కా, అన్నం తిన్నావా?" అని చెల్లెలు అడిగింది. పొలం తగాదా ఇంకా తీరలేదు. కాని ఒకరి ఇంట్లో జ్వరం వస్తే ఇప్పుడు రెండోవారు వెళ్తున్నారు.

కుట్టుపనికి విలువ కట్టండి

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆడవారి కుట్టుపని అనగానే లోకం దానిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కిస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో అల్లే లేసు పని మీకు తెలుసు. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు అక్కడి స్త్రీలకు ఈ పని నేర్పారని చెబుతారు. ఆ లేసు విదేశాలకు వెళ్లింది, మంచి ధర పలికింది. కాని అల్లినవారికి దక్కింది ఎంత? మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు అక్కడి స్త్రీల స్థితిని పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజుకు గంటల తరబడి అల్లుతున్నా, వారిని పనివారుగా కాక ఇంట్లో ఊరక కూర్చున్నవారుగా లెక్కించడం వల్లనే కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. ఆ గుర్తింపు ఫలితం అల్లే చేతికి కూడా అందాలి.

బొంతకు ఎంత పని పడుతుందో మనమే లెక్క వేద్దాం. ఒంటి మనిషి బొంతకు 45 అంగుళాల వెడల్పులో అంగుళానికి ఒక వరుస చొప్పున 45 వరుసలు. ఒక్కొక్కటి 6 అడుగులు. మొత్తం 270 అడుగుల కుట్టు. అంగుళానికి మూడు కుట్లంటే ఇంచుమించు పదివేల కుట్లు! అలవాటున్న చేతికి ఒక వరుసకు ఇరవై నిమిషాలు అనుకున్నా 15 గంటలు. కోత, అతుకు, టాకాలు కలిపితే 20 గంటలకు తక్కువ కాదు.

కొంతకాలం కిందట పట్నం నుంచి ఒక వ్యాపారి మా ఊరికి వచ్చాడు. "అమ్మా, మీరు ఇరవై బొంతలు కుట్టి ఇస్తే ఒక్కోదానికి 300 ఇస్తాను. ఎలాగూ ఖాళీగానే ఉంటారుగా" అన్నాడు. గుడ్డ మనది, దారం మనది. మాలో పెద్దావిడ ఒకామె సుద్దముక్కతో గచ్చు మీద లెక్క వేసింది. "బాబూ, గంటకు పదిహేను రూపాయలు పడింది. ఎనిమిది గంటలకు నూట ఇరవై. కలుపు తీయడానికి పోతే దీనికి రెట్టింపు పైనే వస్తుంది. మేము ఖాళీగా ఉన్నామని నీకెవరు చెప్పారు?" అని అడిగింది. అతడు మారు మాట్లాడలేదు. బేరం కుదరలేదు. ఆ రోజు నుంచి మా ఊళ్లో బొంత అమ్మదలచినవారు ముందు గంటలు లెక్కపెట్టి, ఆ తర్వాతే ధర చెబుతున్నారు. మీరు కూడా అలాగే చేయండి. ప్రేమతో ఇచ్చేదానికి వెల లేదు. అమ్మేదానికి మాత్రం న్యాయమైన వెల ఉండాలి.

ఇచ్చే చేయి

అపొస్తలుల కార్యముల గ్రంథం 9వ అధ్యాయంలో యొప్పేలోని దొర్కా అనే స్త్రీ కనిపిస్తుంది. ఆమె చేసిన ప్రసంగం ఒక్కటి కూడా అక్కడ రాసి లేదు. ఆమె కుట్టిన బట్టలు మాత్రం ఉన్నాయి. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆ బట్టలనే. ఒక సూది మీద ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఏముంటుంది?

1945లో ఏర్పడిన లూథరన్ వరల్డ్ రిలీఫ్ అనే సంస్థకు అమెరికాలోని సంఘాల స్త్రీలు ఏటా వేలాది బొంతలు కుట్టి ఇస్తారు. అవి యుద్ధాలలో, కరవులలో ఇల్లు విడిచినవారికి చేరతాయి. కొలత 60 అంగుళాలు, 80 అంగుళాలు. జెండాలు, మతపరమైన గుర్తులు ఉన్న గుడ్డ వాడవద్దని ఆ సంస్థ కోరుతుంది. పుచ్చుకునేవారు ఏ దేశం వారైనా, ఏ నమ్మకం వారైనా నొచ్చుకోకుండా కప్పుకోవాలి కదా!

మనం అంత దూరం చూడనక్కర లేదు. మన వీధిలోనే ఈ వర్షాకాలంలో కాన్పు కాబోయే తల్లి ఉంటుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో కట్టడపు పనికి వెళ్లే కుర్రవాడు ఉంటాడు. పిల్లలు పట్టించుకోని ముసలాయన ఉంటాడు. ప్రతి ఇంట్లో మనకొక బొంత, ఇంకొకరికి ఒక బొంత అని ముందే అనుకుని గుడ్డలు వేరుచేయండి. ఇచ్చేటప్పుడు నలుగురిలో పిలిచి ఇవ్వకండి. ఉతికి, మడిచి, సాయంత్రం వేళ వారి ఇంటికి తీసుకువెళ్లి ఇవ్వండి. మిగిలిపోయిన పీలికలతో కుట్టినది ఇవ్వకండి. మీరు పడుకోవడానికి ఇష్టపడేదే ఇవ్వండి.

బడులు తెరిచేనాటికి మీ ఇంట్లో ఒకటో రెండో బొంతలు సిద్ధంగా ఉంటాయి. ఒకవేళ సగమే అయినా దిగులు పడనక్కర లేదు. దసరా సెలవులున్నాయి, క్రిస్మసు సెలవులున్నాయి. సూది పట్టడం నేర్చిన పిల్ల మరచిపోదు. ముందు చేయవలసిన పని ఒక్కటే. ఈ పత్రిక చదవడం అయ్యాక అవ్వను పిలిచి, ట్రంకుపెట్టె తాళం ఎక్కడుందో అడగండి.